ఆన్‌లైన్‌లో నెలకు రూ.లక్ష.. నిజంగా సాధ్యమేనా? అసలు లెక్క ఇదీ!

ఫోన్ ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే లక్షలు.. ఇలాంటి రీల్స్ రోజూ చూస్తూనే ఉంటాం. మరి నిజంగా అంత వస్తుందా? వస్తుంది. కానీ లైకులు కొడితే కాదు, చేతిలో పని ఉంటేనే!

యూట్యూబ్: యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అప్పటిదాకా యాడ్స్ నుంచి రూపాయి కూడా రాదు. కాబట్టి దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేయొద్దు.

ఫ్రీలాన్సింగ్: వీడియో ఎడిటింగ్, వెబ్ డిజైన్, కోడింగ్ వచ్చినవాళ్లకు ఇదే దగ్గరి దారి. ఫైవర్‌లో 20 శాతం కమీషన్ పోతుంది. అంటే చేతికి రూ.లక్ష రావాలంటే రూ.1.25 లక్షల పని చేయాలి. నెలకు రూ.25 వేలిచ్చే క్లయింట్లు ఐదుగురు కావాలన్నమాట. ముందు చిన్న పనులు చేసి మంచి రేటింగ్ తెచ్చుకుంటేనే అది కుదురుతుంది.

వీటి జోలికి వెళ్లొద్దు: టెలిగ్రామ్‌లో వచ్చే 'టాస్క్ జాబ్స్'. మొదట కొద్దిగా డబ్బులు వేసి నమ్మిస్తారు. తర్వాత పెద్ద టాస్క్ అంటూ డిపాజిట్ కట్టించుకుంటారు. ఇక అంతే సంగతులు. పని ఇచ్చేవాళ్లు డబ్బులిస్తారు, ఎదురు అడగరు. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.