వాగు మట్టం చెప్పే పెట్టె ఎప్పుడు తప్పు చెబుతుంది?

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులదాకా లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఏ ఊరిని ఖాళీ చేయించాలో, ఏ దారి మూయాలో ఆ అంకెను చూసే నిర్ణయిస్తారు. చర్ల, దుమ్ముగూడెం, అశ్వారావుపేట అడవుల్లోంచి ఉరికొచ్చే చిన్న వాగులన్నిటికీ అలాంటి కొలతలు ఉండవు. అవి ఎంత పని చేయగలవో 2024 జూలైలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చూశాం.

కల్వర్టు కింద బిగించి వాగు మట్టం కొలిచే పెట్టెను ఇప్పుడు పాలిటెక్నిక్ విద్యార్థి కూడా కొద్ది డబ్బుతో తయారు చేయగలడు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పైకో బోర్డు, దానికి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, ఉష్ణోగ్రత సెన్సర్, గడియారం, చిన్న తెర, సమాచారం పంపే లోరా రేడియో ఉంటే చాలు. ప్రోగ్రాం రాయడానికి మైక్రోపైథాన్ ఉంది. ఆస్ట్రేలియా భౌతిక శాస్త్రవేత్త డేమియన్ జార్జ్ 2013లో ప్రజల చందాలతో దీన్ని మొదలుపెట్టాడు. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొట్టగానే బోర్డు అక్కడికక్కడే జవాబిస్తుంది. మాడ్యూల్ మొరాయించినప్పుడు ప్రోగ్రాం మొత్తాన్ని తిరగరాయక్కర్లేదు. ఒక్కో ప్రశ్న అడుగుతూ పోవచ్చు.

మొదటి ప్రశ్న ప్రోగ్రాంకు కాదు, మల్టీమీటర్‌కు. మాడ్యూల్ కాళ్ల దగ్గర వోల్టేజీ ఉందా? గ్రౌండ్ తీగలన్నీ కలిశాయా? పైకో కాళ్లు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఎక్కువ మంది వాడే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ మాత్రం 5 వోల్టుల మీద నడిచి, ఎకో కాలి నుంచి 5 వోల్టులే తిరిగి పంపుతుంది. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో ఆ వోల్టేజీని మూడింట రెండు వంతులకు దించాలి. లేకపోతే ఇవాళ పనిచేసిన బోర్డు రేపు పాడైపోవచ్చు.

రెండో ప్రశ్న: ఎవరెవరు ఉన్నారు? తెర, గడియారం, ఉష్ణోగ్రత సెన్సర్ మూడూ ఐ2సీ అనే రెండు తీగల మీదే వేలాడతాయి. మైక్రోపైథాన్‌లోని స్కాన్ ఆదేశం బడిలో హాజరు వేసినట్టు 8 నుంచి 119 వరకు ఒక్కో నంబరునూ పిలుస్తుంది. జవాబిచ్చిన నంబర్ల జాబితా చూపిస్తుంది. సాధారణంగా తెర 60, డీఎస్3231 గడియారం 104, ఉష్ణోగ్రత సెన్సర్ 118 లేదా 119. మధ్యలో 87 కనిపిస్తే కంగారు అక్కర్లేదు. చాలా గడియారం బోర్డుల మీద ఉండే మెమరీ చిప్ నంబరది. ఖాళీ జాబితా వస్తే కరెంటు లేదు, లేదా రెండు తీగలు తారుమారయ్యాయి, లేదా ఆ తీగలను పైకి లాగిపట్టే రెసిస్టర్లు లేవు. ఒక్క నంబరే తప్పితే ఆ ఒక్క మాడ్యూల్‌నే చూడాలి.

మూడో ప్రశ్న: వచ్చింది అనుకున్నవాడేనా? తేమ కూడా కొలిచే బీఎంఈ280 ఉష్ణోగ్రత సెన్సర్ అని కొన్నది తేమ కొలవలేని బీఎంపీ280 కావచ్చు. రెండూ అవే నంబర్ల దగ్గర పలుకుతాయి. 208వ రిజిస్టర్ చదివితే గుట్టు తెలుస్తుంది: 96 వస్తే బీఎంఈ, 88 వస్తే బీఎంపీ. లోరా చిప్ ఎస్‌పీఐ తీగల మీద ఉంటుంది కాబట్టి దానికి స్కాన్ కుదరదు. దాని 66వ రిజిస్టర్‌లో 18 ఉండాలి. సున్నా గానీ 255 గానీ వస్తే తీగల్లో తేడా ఉన్నట్టే. అయితే ఎస్‌ఎక్స్1276, ఎస్‌ఎక్స్1278 అనే లోరా చిప్‌లు రెండూ 18 అనే చెబుతాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకునే 865-868 మెగాహెర్ట్జ్ పట్టీని మొదటిది అందుకోగలదు. రెండోది 525 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ప్రోగ్రాం కన్నా చిప్ మీది అక్షరాలే నమ్మదగినవి. సమాచారం పంపే క్షణంలోనే బోర్డు మళ్లీ మొదటికొస్తుంటే బ్యాటరీని అనుమానించండి. పూర్తి శక్తితో పంపేటప్పుడు రేడియో ఒక్కటే 120 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది.

ఇంతవరకూ తప్పు జరిగితే ఏదో ఒక గుర్తు కనిపించింది. అసలు చిక్కు తప్పు అంకె నిజంలా కనిపించినప్పుడు. అల్ట్రాసోనిక్ శబ్దం వెళ్లి వచ్చిన సమయాన్ని కొలిచే ఆదేశం, ఎకో అసలు మొదలుకాకపోతే మైనస్ 2, మొదలై గడువులోగా ముగియకపోతే మైనస్ 1 ఇస్తుంది. అది చూసుకోకుండా లెక్కలో వేస్తే దూరం దాదాపు సున్నా అవుతుంది. అంటే ఎండిన వాగు సెన్సర్‌ను తాకినంత ఎత్తున పొంగిందని పెట్టె చాటుతుంది.

ఎండ చేసే మోసం ఇంకా మెత్తనిది. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 358 మీటర్లు, 25 దగ్గర 346. మే నెలలో ఖాళీ వాగులో టేపు పట్టి సరిచూసిన పెట్టె, జూలై ముసురులో 3 మీటర్ల దూరాన్ని సుమారు 3.10 అని చదువుతుంది. నీరు ఉన్నదానికంటే 10 సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది. వరద వేళ తక్కువ చూపడమే ప్రమాదం. ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టింది అందుకే: డిగ్రీలను 0.6తో హెచ్చించి 331.3 కలిపితే ఆ పూట శబ్దం వేగం వస్తుంది. ఇక తడిసినా పనిచేసే జేఎస్‌ఎన్ రకం సెన్సర్ సుమారు 20 సెంటీమీటర్ల లోపు దూరాన్ని సరిగా చూడలేదు. అందుకే వాగు ఎన్నడూ అందుకోనంత ఎత్తున దాన్ని బిగించాలి.

వీటన్నిటికీ తోడు మన చేతులారా చేసే పని ఒకటుంది. ఎర్రర్ వస్తే ప్రోగ్రాం ఆగిపోతుందని, దాన్ని పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే రెండు వరుసలు రాస్తాం. అప్పుడు తీగ ఊడిపోయినా తెర మీద పాత అంకె అలాగే నిలిచి ఉంటుంది, కింద వాగు పెరుగుతూ పోతుంది. ఎర్రర్‌ను పట్టుకోవడం తప్పు కాదు. పట్టుకున్నాక దాన్ని సమయంతో సహా ఫైలులో రాసి, అంకె స్థానంలో ‘తెలియదు’ అని చూపించాలి. కల్వర్టు స్తంభం మీద పెయింటుతో అడుగుల గీతలు కూడా గీయించండి. తెర మీది అంకెను అప్పుడప్పుడూ ఆ గీతలతో పోల్చి చూడవచ్చు, ‘తెలియదు’ అని వచ్చిన రోజున గట్టు మీద నిలబడి మట్టాన్ని కంటితోనే చదువుకోవచ్చు.