బ్రైట్‌నెస్ పెంచితే ఆకాశం నల్లబడిందేంటి? ఫొటో లోపల లూప్ చేసే పని

గ్యాలరీ యాప్‌లో బ్రైట్‌నెస్ స్లైడర్‌ని కుడివైపుకి లాగితే ఫొటోకి వెలుగొస్తుంది. సింపుల్‌గా చెప్పాలంటే లోపల జరిగేది కూడిక. కంప్యూటర్‌కి ఫొటో అంటే నంబర్లతో నిండిన పెద్ద పట్టిక, అదే మ్యాట్రిక్స్. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు నంబర్లుంటాయి. మామూలు జేపెగ్ ఫొటోలో ఆ నంబర్ 0 నుంచి 255 లోపే ఉండాలి. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు.

4000 × 3000 సైజు ఫొటో, అంటే మన 12 మెగాపిక్సెల్ ఫొటోలో 3 కోట్ల 60 లక్షల నంబర్లుంటాయి. అన్నిటికీ 50 కలపాలంటే ఒకదానిలో ఒకటి మూడు లూపులు రాయాలి: వరుసలకి ఒకటి, వరుసలోని పిక్సెల్స్‌కి ఒకటి, రంగులకి ఒకటి. పైథాన్‌లో నాలుగు లైన్ల కోడ్, అంతే.

రన్ చేసి చూడండి. నీడలో ఉన్న ముఖం బాగానే వెలుగుతుంది, కానీ తెల్లగా ఉండాల్సిన ఆకాశంలో నల్లటి మచ్చలు పడతాయి! కారణం: నంపై మ్యాట్రిక్స్‌లో ఒక్కో నంబర్‌కి ఉండే చోటు 8 బిట్లే. 230కి 50 కలిపితే 280 రావాలి, అది అందులో పట్టదు. 255 దాటగానే లెక్క మళ్లీ 0 నుంచి మొదలై 24 దగ్గర ఆగుతుంది. పాత స్కూటర్ మీటర్ నిండాక సున్నాకి తిరిగినట్టే. అందుకే ముందు విలువని మామూలు పూర్ణాంకంగా మార్చి, 50 కలిపి, 255 దాటితే 255 దగ్గరే ఆపేయాలి. ఓపెన్‌సీవీలోని యాడ్ ఫంక్షన్ ఈ ఆపడం తనే చూసుకుంటుంది.

బ్లర్ చేసేటప్పుడు చిక్కు వేరే. చుట్టూ ఉన్న పిక్సెల్స్ సగటు తీసి అదే మ్యాట్రిక్స్‌లో రాసేస్తే, పక్క పిక్సెల్ వంతు వచ్చేసరికి దానికి అందేది అప్పటికే మారిపోయిన విలువ. మసక ఒక పక్కకి సాగిపోతుంది. పాత మ్యాట్రిక్స్ నుంచి చదివి, కొత్తదానిలో రాయాలి.

స్పీడ్ సంగతికొస్తే, 3.6 కోట్ల సార్లు పైథాన్ లూప్ తిరగాలంటే మనం సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. నంపైలో ఒకే లైన్‌లో రాస్తే ఆ లూప్ లోపల సీ భాషలో తిరుగుతుంది, పని చిటికెలో అయిపోతుంది. ఫోన్‌లోనైతే ఇలాంటి పనిని జీపీయూకి అప్పగించొచ్చు, అది ఒకేసారి బోలెడు పిక్సెల్స్‌ని పట్టుకుంటుంది.

255 దగ్గర ఆపడానికీ ఒక ఖరీదుంది. 230, 250 రెండూ 255 అయిపోయాయి కదా, ఇప్పుడు 50 తీసేస్తే రెండూ 205కే దిగుతాయి. మబ్బుకీ ఆకాశానికీ మధ్య ఉన్న తేడా పోయింది, ఇక రాదు. మంచి ఎడిటింగ్ యాప్‌లు ఒరిజినల్‌ని ముట్టుకోకుండా, స్లైడర్ కదిలిన ప్రతిసారీ దాని నుంచే లెక్క మొదలుపెట్టేది ఇందుకే.

మీ ఫోన్‌లోనే చూడొచ్చు. మబ్బులున్న ఫొటోకి బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెంచి స్క్రీన్‌షాట్ తీయండి. ఇప్పుడు ఆ స్క్రీన్‌షాట్‌కి బ్రైట్‌నెస్ తగ్గించండి. పూర్తిగా తెల్లబడిపోయిన చోట మబ్బులు తిరిగి రావు, చదునైన బూడిద రంగు మాత్రమే కనిపిస్తుంది.