పలక పట్టిన పెద్దలు

వయస్సు మీరిన పిదప క్రొత్తది నేర్చుట యెట్లు, నేర్చినను ప్రయోజనమేమి యని సంకోచించువారు ప్రతి గ్రామమునను కలరు. పంచాయతీ సభ్యులలోను ఇట్టివారు లేకపోలేదు. వారి యెదుట నెల్లూరు జిల్లా, కలిగిరి మండలములోని దూబగుంట వృత్తాంతము నుంచుచున్నాము.

1991లో ఆ జిల్లాయందు అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలెల్ల కూలిపనులు చేసి వచ్చిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టి కూర్చుండిరి. వారి వాచకములో త్రాగుడువలన సంసారము చెడిన సీతమ్మ కథ యొకటి యుండెను. చదువుచుండగా, ఇది మన యింటి కథయే గదా యని వారికి తోచినది. వర్ధినేని రోశమ్మ మున్నగువారు ముందు నిలువగా గ్రామములోని సారాయి దుకాణము మూతపడెను. అటుపిమ్మట దూబగుంట కథయే మరియొక వాచకమున పాఠమైనది!

1992లో ఈ ఉద్యమము ఇతర గ్రామములకు వ్యాపించినది. పెక్కుచోట్ల స్త్రీలు సారాయి వేలంపాటల నడ్డగించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది.

ఆ దుకాణమును మూయించినది కేవలము అక్షరములే యని మేమనము. అభ్యాసము తప్పినచో నేర్చిన అక్షరములును మరుగునపడును. పలకకన్న ముఖ్యమైనది ఆ రాత్రి కూటమి. ఇంటిలో ఒంటరిగా దిగమ్రింగుకొన్న కష్టమును పదిమంది నడుమ నోరు విప్పి చెప్పుట వారికి అచ్చట అలవడినది. అంతవరకు గడప దాటి మాటలాడనివారు అధికారుల యెదుట నిలిచి ప్రశ్నించిరి.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతుకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. అయినను సభ్యురాలికి బదులు భర్త సమావేశమున కూర్చుండుట, ఆమె యింటివద్దనే తీర్మానముల పుస్తకమున సంతకము చేయుట కొన్నిచోట్ల నేటికిని కలదు. పురుషులలోను చదువకయే సంతకము చేయువారున్నారు. ఇది మర్యాద కాదు, ప్రమాదము. వ్యయమునకు బాధ్యత సంతకము చేసినవారిపైనను పడవచ్చును.

జంకు గలవారు ముందుగా తమ వార్డునకు చెందిన ఒక్క పద్దును, వీధిదీపములదో మంచినీటి పంపుదో, కార్యదర్శిచే బిగ్గరగా చదివించుకొనవలెను. వచ్చు సమావేశమున ఆ పద్దును తామే వ్రేలుపెట్టి చదువ యత్నింపవలెను. తడబడినను నవ్వువారుండరు, ఉన్నచో అధ్యక్షులు వారిని వారింపవలెను. అర్థము కాని అంకెను రెండుమారులడిగి తెలిసికొని, ఆ పిమ్మటనే కలము చేతబట్టవలెను.