ఎండాకాలం పోటీల్లో బాస్ చేప బతికేదెలా?

అమెరికాలో బాస్ చేపల పోటీల్లో గాలానికి పడిన చేపను చంపరు. తూకం వేశాక మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. 1972లో రే స్కాట్ అనే పోటీల నిర్వాహకుడు తన పోటీల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. తూకం దాకా చేపలు పడవలోని లైవ్‌వెల్ అనే నీటి తొట్టిలో గంటల తరబడి ఉండాలి. ఎండాకాలంలో అదే గండం.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరులో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర కరిగేది ఏడున్నరే. చిక్కేమిటంటే, సరిగ్గా ఆ వేడిలోనే చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పెనుగులాడి అలసిన అయిదు పెద్ద చేపలు ఒకే తొట్టిలో ఉన్నప్పుడు నీటిని తిప్పే పంపు ఆగిందా, కాసేపటికే మొప్పలు ఆడిస్తూ పైకి వచ్చేస్తాయి. బ్యాటరీ ఆదా చేద్దామని పంపు కట్టేయడం తెలివితక్కువ పనే.

ఐసు వేస్తే నీరు చల్లబడుతుంది. అయితే సరస్సు నీటికన్నా నాలుగైదు డిగ్రీలకు మించి తగ్గించకూడదు; ఒక్కసారిగా మారే చలికి చేప తట్టుకోలేదు. కుళాయి నీటి ఐసులో మొప్పలకు హాని చేసే క్లోరిన్ ఉండొచ్చు కనుక, నీటిని మూత బిగించిన సీసాల్లో గడ్డకట్టించి తొట్టిలో వేస్తారు. చల్లబడ్డ నీటినే పంపుతో తిప్పుతూ, చేపలు విసర్జించే అమ్మోనియా పేరుకోకుండా మధ్యమధ్యలో కొంత నీరు మారుస్తారు.