ఒక పంజా ఉంచి అమ్మే మాంసం

అమెరికాలో మిస్సోరీ వైపు చలికాలంలో రకూన్ మాంసం అమ్మే వేటగాళ్లు తోలంతా ఒలిచేసి ఒక్క పంజాను మాత్రం వదిలేస్తారు. ఒలిచాక అది రకూనో పిల్లియో పోల్చుకోవడం కష్టం. కొనేవాడికి ఆ పంజాయే పూచీ. ఆర్కాన్సాలోని గిల్లెట్ అనే చిన్న ఊళ్లో 1947 నుంచి ఈ మాంసంతో విందే జరుగుతోంది. ఆ రాష్ట్రంలో ఓట్లు కావాలనుకునే నాయకులు వెళ్లి ఓ ముక్క కొరికి రావలసిందే.

కళ్లచుట్టూ నల్లగంతలు, తోకకు పట్టెలు ఉన్న ఈ జంతువు ఓక్ కాయలు, మొక్కజొన్న, చేపలు, చెత్తడబ్బాలో పిజ్జా ముక్కలు, ఏది దొరికితే అది తింటుంది. వంటలో చిక్కంతా ఆ తిండితోనే. మేక, గొర్రె తిన్న మేతలోని కొవ్వును వాటి పొట్టలోని సూక్ష్మజీవులు మార్చేస్తాయి, అందుకే వాటి కొవ్వు గట్టిగా పేరుకుంటుంది. రకూన్‌కు అలాంటి పొట్ట లేదు. తిన్న కొవ్వు పెద్దగా మారకుండానే చర్మం కింద చేరుతుంది. అందులో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, గాలి తగిలితే త్వరగా చెడి నిలవ నూనె వాసన కొడతాయి. కొవ్వుముక్క కోసం పంక్తిలో పోటీపడే మనకు వింతగా ఉంటుంది గానీ, అక్కడి వంటవాళ్లు కనిపించిన కొవ్వునల్లా గీకి పారేస్తారు. చంకల కింద, నడుము దగ్గర వెన్నుకు ఇరుపక్కలా చిక్కుడుగింజంత గ్రంథులుంటాయి. వాటిని కత్తిమొనతో చిట్లకుండా ఎత్తాలి. చిట్లితే వాటి వాసన మాంసానికి పట్టేస్తుంది.

ఆ తర్వాత ఉల్లిపాయ, మిరియాలు వేసి ఉడికించి, తేలిన కొవ్వుతో సహా ఆ నీళ్లు పారబోస్తారు. చిలగడదుంపలతో కలిపి ఓవెన్‌లో సన్నని వేడిమీద గంటల తరబడి మగ్గిస్తారు. చెట్లెక్కి తిరిగే జంతువు కాళ్లలో కొలాజెన్ ఎక్కువ. అది కరిగి జిగురవ్వాలంటే వేడితోపాటు సమయమూ కావాలి. పాయాను తొందరపెట్టలేనిది ఇందుకే. మంట పెంచితే కండలోని నీరు పిండినట్టు పోయి ముక్క పీచులా మిగులుతుంది.

రుచి సంగతి సరే, జబ్బుల సంగతి కచ్చితంగా తెలియాలి. ఒక్కో ముప్పు ఒక్కోచోట ఉంటుంది. రేబిస్ వైరస్ లాలాజలంలో, మెదడులో, వెన్నుపాములో ఉంటుంది కనుక చేతికి గ్లవ్స్ లేకుండా కోయకూడదు, తల జోలికి పోకూడదు. తూలుతూ నడిచే జంతువునైతే అసలు ముట్టుకోకూడదు. బేలిసాస్కారిస్ అనే ఏలికపాము పేగుల్లో పెరుగుతుంది, దాని గుడ్లు మలంలో వస్తాయి. పేగు తెగితే మాంసమంతా మలినమే. ఆ గుడ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో అంటుకునే స్థితికి వస్తాయి. పొరపాటున మనిషి కడుపులోకి పోతే పిల్లపురుగులు మెదడు దాకా పాకగలవు. రకూన్లు ఒకేచోట మలవిసర్జన చేస్తాయి. అమెరికాలో పెరటి డెక్ మీదో అటకమీదో అలాంటి చోటు కనబడితే, మాంసం ముట్టని మనవాళ్లు కూడా పిల్లల్ని అటు పోనివ్వకూడదు.

కంచం దాకా రాగలిగేది ట్రైకినెల్లా అనే పురుగు. దాని పిల్లపురుగులు కండలోనే గూడు కట్టుకుంటాయి. అడవి జంతువుల్లో ఉండే దాని రకాలు కొన్ని ఫ్రీజర్‌కు చావవు. ఉప్పునూ పొగనూ నమ్మలేం, రంగు చూసి ఉడికిందనుకోవడం ఇంకా మోసం. థర్మామీటర్ గుచ్చితే ముక్క మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కోసేటప్పుడు మిగిలిన పచ్చిముక్కలు కుక్కకు వేయకూడదు. పేగులైతే మరీ ముఖ్యంగా వేయకూడదు, ఎందుకంటే బేలిసాస్కారిస్ కుక్క పేగుల్లో కూడా కాపురం పెట్టగలదు.