పైథాన్ అంటే ఏ పాము?

ఏ బ్రాంచ్ వాళ్లకైనా ఈ రోజుల్లో పైథాన్ తప్పడం లేదు. దాని లోగోలో నీలం, పసుపు రంగుల్లో రెండు పాములు చుట్టుకుని ఉంటాయి కదా, "ప్రోగ్రామింగ్ భాషకి పాము పేరేంట్రా?" అని మా హాస్టల్లో ఒకడు అడిగాడు. జవాబు కోసం వెతుకుతూ పోతే అది నన్ను గ్రీసు దాకా, అక్కణ్నుంచి మన మహాభారతం దాకా తీసుకెళ్లింది.

ముందు అసలు జవాబు. ఆ పేరు పాముని చూసి పెట్టింది కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో ఈ భాష పని మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. అప్పట్లో ఆయన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అనే బీబీసీ కామెడీ షో స్క్రిప్టులు చదువుతున్నాడట. పొట్టిగా, కాస్త అంతుచిక్కనట్టుగా ఉండే పేరు కావాలనుకుని అదే పెట్టేశాడు. పైథాన్ ఉదాహరణల్లో స్పామ్, ఎగ్స్ అనే పేర్లు కనిపించేది కూడా ఆ షో పుణ్యమే. పాము బొమ్మ తర్వాత వచ్చి చేరింది.

మరి పాముకి ఆ పేరెలా వచ్చింది? గ్రీకు కథల్లో డెల్ఫీ అనే పుణ్యక్షేత్రానికి కాపలా ఉన్న మహాసర్పం పేరు పైథాన్. అపోలో దేవుడు దాన్ని బాణాలతో చంపాడు. అది అక్కడే కుళ్లిపోయింది కాబట్టి, 'కుళ్లడం' అనే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చిందని పాతకాలం వాళ్లు చెప్పుకున్నారు. 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే నిజం పాముల జాతికి పెట్టాడు.

మన పేర్లు వేరే రకం. కొండచిలువలో చిలుక లేదు. పాత తెలుగులో 'చిలువ' అంటే పామే. ఇంకో పేరు పెనుబాము, అంటే పెద్ద పాము. సంస్కృతంలో అజగరం: మేకని మింగేది. అది ఎక్కడుంటుందో, ఎంతుంటుందో, ఏం తింటుందో ఈ మూడు పేర్లే చెప్పేస్తాయి.

కథల్లో మాత్రం దీనికి ఒక్క వేషం కాదు. మన ఉమ్మడి వరంగల్ జిల్లా బమ్మెర పోతన భాగవతంలో అఘాసురుడు కొండచిలువై నోరు తెరుచుకుని ఉంటే, గోపబాలురు లోపలికి నడిచిపోతారు. అదే భాగవతంలో అవధూత తన ఇరవైనాలుగు మంది గురువుల్లో కొండచిలువనీ లెక్కపెడతాడు, దొరికినదానితో తృప్తి పడుతుందని.

నాకు బాగా నచ్చింది నహుషుడి కథ. ఇంద్రపదవి దక్కిన గర్వంతో ఋషుల చేత పల్లకీ మోయించుకుంటూ, "సర్ప, సర్ప" అని అగస్త్యుణ్ని తంతాడు. 'సర్ప' అంటే 'కదులు' అని కూడా అర్థం. అగస్త్యుడు రెండో అర్థం తీసుకుని, సర్పమైపొమ్మని శపిస్తాడు. అలా కొండచిలువైన నహుషుడు అరణ్యవాసంలో భీముణ్ని చుట్టేస్తాడు. వెతుక్కుంటూ వచ్చిన ధర్మరాజుని, బ్రాహ్మణుడు అంటే ఎవరని అడుగుతాడు. సత్యం, దానం, ఓర్పు, శీలం ఎవరిలో ఉంటే వాడే, పుట్టుకతో తేలేది కాదని ధర్మరాజు జవాబు. భీముడు విడుదలవుతాడు, నహుషుడికి శాపం తీరుతుంది.

పైథాన్ నేర్చుకున్నవాళ్లకి ఇది వింటే డక్ టైపింగ్ గుర్తురావాలి. బాతులా నడిచి, బాతులా అరిస్తే అది బాతే. వస్తువు ఏ క్లాస్‌కి చెందిందని ఆ భాష అడగదు, అడిగిన పని చేయగలదా అనే చూస్తుంది.

ఇదే చూపు ఆ పాము మీద కూడా పెడితే బాగుండు. కొండచిలువకి విషం లేదు. ఎరని చుట్టి, బిగించి చంపుతుంది. పొలాల్లో ఎలుకల్నీ తింటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది కాబట్టి చంపడం నేరం. అయినా పొలంలోనో చెరువు గట్టునో కనిపిస్తే చాలు, 'పాము' అన్న కేక విని కర్రలు లేస్తాయి. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆ కేక వినిపిస్తే మనం చేయాల్సింది ఇంతే: అందర్నీ దూరంగా ఉంచి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా కర్ర లేవకుండా చూడటం.