300 అంటే తప్పు కాదు

నేనుండేది లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో. హై స్ట్రీట్ నార్త్‌లో దోసెల హోటళ్ళు, మహాలక్ష్మి గుడి ఉండటంతో మనవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు. వాళ్ళకి దారి చెప్పడానికి మిత్రుడొకాయన జావాలో చిన్న ప్రోగ్రాం రాశాడు. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వారి ఏపీఐని అడిగి ఏ రైలెక్కాలో చెబుతుందది. ఒక రాత్రి హీత్రోలో పెట్టెలతో దిగిన కొత్త విద్యార్థికి "దారి దొరకలేదు" అని చెప్పింది. పికడిల్లీ లైనెక్కి బారన్స్ కోర్ట్‌లో డిస్ట్రిక్ట్ లైనుకి మారితే చాలు, ఈస్ట్ హామ్ వచ్చేస్తుంది!

కోడ్ చూస్తే అందులో "200 కాకపోతే తప్పు" అన్న ఒక్క షరతే ఉంది. సర్వర్ పంపింది 300.

మనలో చాలామంది ఈ 300ని ఉద్యోగంలో ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఊళ్ళోకెళ్ళి "రామారావు గారిల్లెక్కడండీ?" అని అడిగితే "ఏ రామారావు? రైసుమిల్లు రామారావా, మాస్టారు రామారావా?" అంటారు కదా, అదే ఇది. ఈస్ట్ హామ్ అంటే స్టేషనా, టౌన్ హాల్ దగ్గర బస్‌స్టాపా? జర్నీ ప్లానర్‌కి పేరు స్పష్టంగా అందకపోతే 300తో పాటు ఒక జాబితా పంపుతుంది. అందులో ప్రతి చోటుకీ పారామీటర్‌వాల్యూ అని ఒకటుంటుంది. జాబితాని మనిషికి చూపించి, ఎంచుకున్నదాని విలువతో మళ్ళీ అడగాలి. ప్రశ్నకి ప్రశ్నే జవాబుగా వస్తే దాన్ని వైఫల్యం అనడం అన్యాయం కాదూ?

ఇక జావా సంగతి. పాత హెచ్‌టీటీపీయూఆర్ఎల్‌కనెక్షన్‌లో గెట్‌రెస్పాన్స్‌కోడ్ ముందు పిలవండి. 300కి గెట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ మామూలుగానే పనిచేస్తుంది. 400, ఆపైన వస్తే మాత్రం ఎక్సెప్షన్ విసురుతుంది. 404కైతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్. (ఫైలెక్కడిదని అడక్కండి!) అప్పుడు సర్వర్ చెప్పిన కారణం గెట్‌ఎర్రర్‌స్ట్రీమ్‌లో ఉంటుంది. అది చదవకుండా లాగ్‌లో "ఎర్రర్" అని రాసి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. 2018లో జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీక్లయింట్ నయం. 404 వచ్చినా ఎక్సెప్షన్ లేకుండా స్టేటస్‌కోడ్, బాడీ రెండూ చేతికిస్తుంది. కాకపోతే 301, 302 వస్తే తనంతట తాను కొత్త చిరునామాకి వెళ్ళదు, మనం చెప్పాలి.

మరీ తరచుగా అడిగితే 429 రావచ్చు. ఇది 2012లో ప్రమాణాల్లో చేరింది, పాత క్లాసులో దీనికి పేరున్న స్థిరాంకం కూడా లేదు. వెంటనే మళ్ళీ అడిగితే పరిస్థితి ఇంకా ముదురుతుంది. రీట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అంతసేపు ఆగండి. అందులో సెకన్లే కాదు, తేదీ కూడా ఉండొచ్చు. పార్స్‌ఇంట్‌తో సరిపెట్టుకోకండి.